నూనె ముక్కిపోకుండా, సబ్బు మచ్చ పడకుండా: ఇంట్లో సబ్బు చేసుకునేవారికి

తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల వాన పట్టుకున్న ఒక అక్టోబరు నెలాఖరున, అల్మారాలో రెండు నెలలుగా ఆరిన నా సబ్బుల మీద నారింజ రంగు చుక్కలు కనిపించాయి. అంతకు వారం ముందు చూసినప్పుడు అవి తెల్లగా, గట్టిగా, ఏ లోపమూ లేకుండా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే, చాలాకాలం మూత తీయని నూనె డబ్బా అడుగున ఉండే వాసన వచ్చింది. ముప్పై సబ్బులలో పంతొమ్మిది అలా పోయాయి. కాస్టిక్ సోడా తూకంలో గాని, కలపడంలో గాని, అచ్చు పోయడంలో గాని నేను చేసిన పొరపాటు ఏదీ లేదు. పొరపాటు అంతకు ముందే జరిగిపోయింది. సబ్బు మీద తేలిన మచ్చ నూనె డబ్బాలోను, నీళ్ల బిందెలోను మొదలైందని అర్థం కావడానికి నాకు మరో రెండేళ్లు పట్టింది. సహజమైన నూనెలతో ఇంట్లో సబ్బు చేసుకునేవారు, కనీసం గానుగ నూనె తెచ్చి నిలవ చేసుకునేవారు ఆ రెండేళ్లు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

నూనె పాడైపోవడాన్ని పదో తరగతి సామాన్యశాస్త్రంలో ముక్కిపోవడం అంటారు. చిప్స్ పొట్లాలలో గాలికి బదులు నైట్రోజన్ ఎందుకు నింపుతారన్న ప్రశ్న అక్కడ చదివిందే. కాని ఆ పాఠంలో చెప్పే గాలి ఒక్కటే కారణం కాదు. నూనె రెండు దారులలో చెడుతుంది. మొదటిది ఆక్సిజన్ దారి: నూనెలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాల గొలుసులలో ద్విబంధాలున్న చోట ఆక్సిజన్ చేరి, ముందు వాసన లేని పెరాక్సైడులను, తర్వాత అవి విరిగి ఘాటైన వాసన గల ఆల్డిహైడులను పుట్టిస్తుంది. రెండవది నీటి దారి: నూనెలో తేమ, గింజల నుంచి వచ్చిన ఎంజైములు, బూజు కలిసి నూనెను విడగొట్టి కొవ్వు ఆమ్లాలను బయటికి వదులుతాయి. తడిసిన కొబ్బరి నుంచి తీసిన నూనెకు వచ్చే పులిసిన, సబ్బు లాంటి వాసన ఈ రెండవ దారిది. పాత చెనక్కాయల (వేరుశనగ) నూనెకు వచ్చే, గొంతులో గీరినట్లుండే వాసన మొదటి దారిది. ఈ తేడా ముక్కుకు తెలిస్తే, ఏ లోపాన్ని సరిచేసుకోవాలో కూడా తెలుస్తుంది.

ఆక్సిజన్ దారిలో మనల్ని మోసం చేసే గుణం ఒకటుంది. నూనెలో సహజంగా ఉండే విటమిన్ ఇ వంటి పదార్థాలు కొంతకాలం ఈ చర్యను అడ్డుకుంటాయి. ఆ కాలంలో వాసనలో, రంగులో, రుచిలో ఏ మార్పూ ఉండదు. లోపల మాత్రం ఆ రక్షకాలు ఒక్కొక్కటిగా ఖర్చయిపోతుంటాయి. అవి అయిపోయిన తర్వాత ప్రతి చెడిన అణువు పక్క అణువును చెడగొడుతూ పోతుంది కనుక, నెలల తరబడి బాగున్న నూనె పది పదిహేను రోజులలో పాడైనట్లు కనిపిస్తుంది. నిన్నటిదాకా బాగానే ఉందని మనం అనుకునే నూనె, నిజానికి రక్షకాలన్నీ ఖర్చయిపోయి అంచున నిలబడిన నూనె కావచ్చు. అలాంటి నూనెతో చేసిన సబ్బు మొదటి నెల బాగుండి మూడవ నెలలో మచ్చ వేస్తుంది.

మా అవ్వది పాకాల దగ్గరి పల్లె. సొంత చేలో పండిన చెనక్కాయలు ఒలిచి, గానుగ ఆడించి తెచ్చిన నూనెను ఆమె జాడీలలో పోసేది. జాడీ పూర్తిగా ఖాళీ అయ్యి, కడిగి, ఎండలో బోర్లించి, పొడి గుడ్డతో తుడిచిన తర్వాతే అందులో కొత్త నూనె పడేది. నేను తొందరపడి ఒకసారి కొత్త నూనెను సగం జాడీలో కలపబోతే, "పాతనూనె మింద కొత్తనూనె పొయ్యగూడదు మే" అని చేయి పట్టుకుని ఆపింది. కారణం చెప్పలేదు. పెరాక్సైడుల సంగతి చదివిన తర్వాత ఆ మాటకు అర్థం తెలిసింది: పాత నూనెలో అప్పటికే పుట్టిన పెరాక్సైడులు కొత్త నూనెలో చర్యను వెంటనే మొదలుపెడతాయి, కొత్త నూనెకు ఉండవలసిన ఆ నిశ్శబ్ద కాలం తగ్గిపోతుంది. ఇంట్లో నూనె నిలవ చేసేవారు ఒక్క అలవాటు మార్చుకోగలిగితే, ముందు ఇది మార్చుకోవాలని నా అభిప్రాయం.

ఇక ఏ నూనె ఎంతకాలం నిలుస్తుందన్నది దాని కొవ్వు ఆమ్లాల మీద ఆధారపడి ఉంటుంది. ఒక ద్విబంధం ఉన్న ఒలీయిక్ ఆమ్లం కన్నా, రెండు ద్విబంధాలున్న లినోలీయిక్ ఆమ్లం పది రెట్లకు పైగా వేగంగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. మూడు ద్విబంధాలున్న లినోలెనిక్ ఇంకా వేగంగా పట్టుకుంటుంది. కనుక నూనెను కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న అందులో లినోలీయిక్, లినోలెనిక్ రెండూ కలిపి ఎంత అన్నదే. కొబ్బరి నూనెలో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వులే కనుక ఈ రెండూ కలిపి 2 శాతం దగ్గర ఉంటాయి. తేమ లేకుండా ఉంచితే అది ఏడాదికి పైగా నిలుస్తుంది. ఆముదంలో 85 నుంచి 90 శాతం వరకు రిసినోలీయిక్ ఆమ్లం ఉంటుంది, అదీ నిలకడైనదే. చెనక్కాయల నూనెలో రకాన్ని బట్టి లినోలీయిక్ సుమారు 30 శాతం, తవుడు నూనెలో 30 నుంచి 35 శాతం, నువ్వుల నూనెలో 40 శాతానికి పైగా, మామూలు పొద్దుతిరుగుడు నూనెలో 60 శాతం దాకా, కుసుమ నూనెలో 70 శాతానికి పైగా ఉంటుంది. అవిసె నూనెలో సగానికి పైగా లినోలెనిక్ ఆమ్లమే. దానిని సబ్బులో వాడవద్దనే చెబుతాను.

నువ్వుల నూనె ఈ లెక్కకు కొంత మినహాయింపు. లినోలీయిక్ అంత ఉన్నా అది వంటింట్లో చెనక్కాయల నూనె కన్నా ఎక్కువ కాలం నిలవడానికి కారణం అందులో ఉండే సెసమోల్, సెసమోలిన్ వంటి సహజ రక్షకాలు. ఊరగాయలకు మన పెద్దలు నువ్వుల నూనెనే ఎంచుకోవడంలో రుచితో పాటు ఈ గుణం కూడా ఉంది. అయితే కాస్టిక్ సోడాతో కలిసిన తర్వాత ఆ రక్షణ ఎంత మిగులుతుందో లెక్కకట్టే సాధనం మన వంటింట్లో ఉండదు కనుక, సబ్బులో దానిని మొత్తం నూనెలో 10 శాతానికి మించి వేయను. వేప నూనె సంగతి వేరు: దాని సొంత వాసన అంత ఘాటైనది గనుక అది ముక్కిపోయినా మన ముక్కు గుర్తుపట్టదు. వేప నూనె సీసా మీద కొన్న తేదీ రాసుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

చెనక్కాయల విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2020లో సాగుకు వచ్చిన గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలలో ఒలీయిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది, లినోలీయిక్ బాగా తక్కువ. ఆ విత్తనం వేసిన రైతు ఎవరైనా తెలిసి ఉంటే, సబ్బుకు గాని ఇంటి వంటకు గాని ఆ కాయలు అడిగి తీసుకుని గానుగ ఆడించుకోండి. మామూలు చెనక్కాయల నూనె కన్నా చాలా ఎక్కువ కాలం తాజాగా ఉంటుంది. ఏ రకమైనా సరే, ఏడాదికి సరిపడా నూనె ఒకేసారి ఆడించి పెట్టుకోవడం కన్నా, కాయలను పొట్టుతో దాచి రెండు మూడు నెలలకు ఒకసారి ఆడించుకోవడం మేలు. పొట్టులో ఉన్న పప్పు లోపల నూనె గాలికి దూరంగా ఉంటుంది. బూజు పట్టిన పప్పును, ముడుచుకుపోయిన పప్పును ఏరి పారేయాలి. అది నూనె వాసనకే కాదు, ఆరోగ్యానికి కూడా హాని, ఎందుకంటే చెనక్కాయల మీద పెరిగే ఒక బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది.

మా ప్రాంతంలో పుట్టే కొవ్వులలో సబ్బుకు అన్నిటికన్నా తగినది మామిడి జీడి నుంచి తీసే కొవ్వు అని నేను గట్టిగా నమ్ముతాను. చిత్తూరు ప్రాంతంలో తోతాపురి కాయలను గుజ్జుగా మార్చే కర్మాగారాలు చాలా ఉన్నాయి. ఆ టెంకల లోపలి జీడి నుంచి తీసిన కొవ్వును సౌందర్య సాధనాల ముడిసరుకు అమ్మేవారు మ్యాంగో బటర్ అనే పేరుతో అమ్ముతారు. అందులో స్టియరిక్, ఒలీయిక్ ఆమ్లాలే అధికం, లినోలీయిక్ 5 శాతం దగ్గర మాత్రమే. సబ్బుకు గట్టిదనం ఇస్తూ, మచ్చ పడే అవకాశాన్ని తగ్గించే కొవ్వు అది. పామాయిల్‌కు బదులు దీనిని వాడుకోవచ్చు.

గానుగ నుంచి తెచ్చిన నూనె మొదటి రోజు మడ్డిగా ఉంటుంది. ఆ మడ్డిలో పప్పు పొడి, తేమ, ఎంజైములు ఉంటాయి కనుక, నీటి దారిలో నూనె చెడడానికి అదే మొదటి కారణం. నూనెను నీడలో నాలుగైదు రోజులు కదపకుండా ఉంచి, పైనున్న తేటను మాత్రం పొడి సీసాలలోకి వంచి, అడుగున మిగిలినది ముందుగా వంటకు వాడేయాలి. తేమ పోతుందని నూనెను ఎండలో పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మూత లేకుండా ఎండలో పెడితే తేమ కొంత పోవడం నిజమే గాని, వెలుతురు, వేడి, గాలి మూడింటినీ ఒకేసారి నూనెకు అందించినట్లవుతుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్న నూనెలలో ఉండే పత్రహరితం వెలుతురు తగిలినప్పుడు ఆక్సిజన్‌ను మరింత చురుకుగా మారుస్తుంది. ఎండలో పెట్టడం అవసరమనుకుంటే ఒక పూట చాలు, అది కూడా పలచని గుడ్డ కప్పి.

నిలవ చేసే పాత్ర గాజుదైనా, స్టెయిన్‌లెస్ స్టీలుదైనా, పింగాణీ జాడీ అయినా మంచిదే. రాగి, ఇత్తడి పాత్రలలో నూనె పోయకూడదు. రాగి, ఇనుము ఈ రెండు లోహాలు చాలా కొద్ది మోతాదులో ఉన్నా పెరాక్సైడులను విరగ్గొట్టి ముక్కిపోవడాన్ని తొందర చేస్తాయి. మన పెద్దవాళ్లు ఇత్తడి గిన్నెలు వాడారు గదా అని ఎవరైనా అడగవచ్చు. వాటికి లోపల కళాయి పోయించేవారు. కళాయి అరిగి చిలుము పట్టిన గిన్నెలో పెట్టిన పదార్థం చెడిపోతుందని వాళ్లకు బాగా తెలుసు. తుప్పు పట్టిన మూత ఉన్న రేకు డబ్బా ఇంతకన్నా చెడ్డది. పెద్ద డబ్బా ఒకటి తీసుకుని ప్రతిరోజూ మూత తీయడం కన్నా, తెచ్చిన రోజే చిన్న సీసాలలో మెడ దాకా నింపి, ఒక్కొక్క సీసా తెరిచి వాడుకుంటే లోపల గాలికి చోటు ఉండదు. సగం ఖాళీ అయిన డబ్బాలో మిగిలిన సగాన్ని గాలి తినేస్తుంది.

వేడి గురించి తిరుపతివారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. మే నెలలో ఇక్కడ నీడలోనే 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కప్పు కింద అటక మీద, పొయ్యి పక్క గూటిలో అంతకన్నా ఎక్కువే. మదనపల్లె చల్లదనంలో ఏడాది నిలిచే నూనె తిరుపతి అటక మీద అన్ని నెలలు నిలవాలని ఆశించకూడదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లని, చీకటైన గది మూలలో, నేలకు దగ్గరగా నూనెను ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టడం కూడా మంచిదే, కాని చల్లని సీసాను బయటకు తీసి వెంటనే మూత తెరిస్తే గాలిలోని తేమ లోపల చెమ్మగా పట్టుకుంటుంది. సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు.

నూనె బాగుందో లేదో చూడడానికి నేను ప్రతి సబ్బు గానకు (ఒకసారి చేసే సబ్బుల విడతకు) ముందు ఒకటే పద్ధతి పాటిస్తాను. ఉదయం కాఫీ తాగకముందు, అగరుబత్తి వెలిగించకముందు, అరచేతిలో అర చెంచా నూనె వేసుకుని రెండు చేతులూ రుద్ది వేడెక్కించి వాసన చూస్తాను. పక్కనే ఈ వారమే తెచ్చిన అదే రకం నూనెను ఇంకో చేతిలో వేసుకుని పోల్చుతాను. పోల్చకుండా ఒక్కదానినే చూస్తే ముక్కు అలవాటు పడి సరిపెట్టుకుంటుంది. వంట నూనె అయితే చుక్క నాలుక మీద వేసుకుంటాను: గొంతులో గీరినట్లు, అట్ట పెట్టెను నమిలినట్లు, పాత రంగు డబ్బా వాసన లాగా అనిపిస్తే అది సబ్బుకు పనికిరాదు. ముక్కిన నూనె కూడా సబ్బు అవుతుంది కదా అని కొందరు అంటారు. అవుతుంది. విడిపోయిన కొవ్వు ఆమ్లాలు కాస్టిక్ సోడాతో ఇంకా తొందరగా కలిసి, మిశ్రమం గిన్నెలోనే గట్టిపడేంత వేగంగా సబ్బు అవుతుంది. కాని ఆక్సిజన్ దారిలో పుట్టిన పదార్థాలు ఎక్కడికీ పోవు. సుగంధ తైలంతో కప్పిన వాసన నెల తిరిగేసరికి బయటపడుతుంది.

నూనె తర్వాతి సంగతి నీళ్లు. నా మొదటి సబ్బులు పోవడానికి అసలు కారణం ఇదేనని ఇప్పుడు నమ్ముతున్నాను. మా వీధిలో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. చాలా బోర్లలో ఇనుము కూడా ఉండి బకెట్లకు ఎర్రని గార పడుతుంది. ఆ ఇనుమే సబ్బులోకి వెళ్లి, మిగిలిన నూనె మీద పనిచేసి, చుక్కలుగా బయటపడుతుంది. మచ్చలు సబ్బంతా సమానంగా కాక అక్కడొకటి ఇక్కడొకటి రావడానికి ఇలాంటి లోహపు రేణువులు, దుమ్ము, తుప్పు పడిన చోట్లు ఒక కారణం. ఇన్వర్టర్ బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్ సబ్బుకు సరిపోతుంది, ఖర్చూ ఎక్కువ కాదు. ఏసీ నుంచి కారే నీళ్లు శుద్ధమైనవని వాడేవారు ఉన్నారు; అవి రాగి గొట్టాల మీద, దుమ్ము పట్టిన రేకుల మీద నుంచి జారి వచ్చేవి కనుక వద్దని చెబుతాను. కాచి చల్లార్చిన నీళ్లలో కూడా ఇనుము అలాగే ఉంటుంది.

ఇప్పుడు నేను కొన్నేళ్లుగా మార్చకుండా చేస్తున్న కొలత చెబుతాను. ఒక కిలో నూనెకు కొబ్బరి నూనె 400 గ్రాములు, మామిడి జీడి కొవ్వు 250 గ్రాములు, చెనక్కాయల నూనె 250 గ్రాములు, ఆముదం 100 గ్రాములు తీసుకుంటాను. ఈ కలయికలో లినోలీయిక్ మొత్తం 10 శాతం దగ్గర ఉంటుంది. 15 శాతం దాటకుండా చూసుకుంటే మచ్చల భయం చాలా తగ్గుతుందని నా అనుభవం. అదే 500 గ్రాముల పొద్దుతిరుగుడు నూనె వేస్తే ఆ ఒక్కదాని నుంచే 30 శాతం దాకా వస్తుంది. నా మొదటి సబ్బులలో వేసినది అదే. పై నూనెలన్నిటినీ పూర్తిగా సబ్బుగా మార్చడానికి సుమారు 154 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. చర్మానికి మెత్తదనం కోసం 5 శాతం నూనెను మార్చకుండా వదిలేస్తాం కనుక 146 గ్రాములు చాలు. ఈ వదిలేసిన నూనెను 8, 10 శాతానికి పెంచితే సబ్బు ఇంకా మృదువుగా ఉంటుందని చాలామంది పెంచుతారు, కాని ముక్కిపోయేది ప్రధానంగా ఆ మిగిలిన నూనే. ఒక్క కొబ్బరి నూనెతో చేసే సబ్బులో మాత్రం 20 శాతం వదిలినా ఫరవాలేదు, ఎందుకంటే మిగిలేది కూడా కొబ్బరి నూనే.

లోహాలను కట్టిపడేయడానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) వాడతాను. కిలో నూనెకు 10 గ్రాముల నిమ్మ ఉప్పు వేస్తే అది కాస్టిక్ సోడాతో కలిసి సోడియం సిట్రేట్ అవుతుంది. ఆ సిట్రేట్ ఇనుము, రాగి, కాల్షియం వంటి వాటిని పట్టుకుని చర్యలో పాల్గొననివ్వదు. అయితే 10 గ్రాముల నిమ్మ ఉప్పు సుమారు 6 గ్రాముల కాస్టిక్ సోడాను తినేస్తుంది కనుక అంత అదనంగా వేసుకోవాలి; అప్పుడు మొత్తం 152 గ్రాములు అవుతుంది. ఈ 6 గ్రాములు మరిచిపోతే సబ్బులో మిగిలే నూనె అనుకున్నదానికి దాదాపు రెట్టింపు అవుతుంది, ఏ మేలు కోసం నిమ్మ ఉప్పు వేశామో అది పోతుంది. నిమ్మరసం దీనికి బదులు కాదు. దానిలో ఆమ్లం ఎంతుందో తూచలేం, చక్కెరలు, పిప్పి అదనంగా చేరతాయి.

కాస్టిక్ సోడా విషయంలో కొంచెం కూడా అశ్రద్ధ తగదు. కళ్లను కప్పే రక్షణ అద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, పిల్లలు పక్క గదిలో ఉన్నప్పుడు మాత్రమే ఈ పని చేయాలి. 300 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌ను స్టీలు గిన్నెలో తీసుకుని, ముందు నిమ్మ ఉప్పును పూర్తిగా కరిగించి, తర్వాత కాస్టిక్ సోడాను కొద్దికొద్దిగా నీళ్లలో వేస్తూ కలపాలి. కాస్టిక్ సోడా మీద నీళ్లు పోయకూడదు, అది ఒక్కసారిగా మరిగి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నెను దరిదాపులకు రానివ్వకూడదు, కాస్టిక్ సోడా దానిని తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. ఒంటి మీద చుక్క పడితే వెనిగర్ కోసం వెతకకుండా వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడగాలి. ద్రావణం, కరిగించిన నూనెలు రెండూ 40 డిగ్రీల దగ్గరకు వచ్చాక కలిపి, హ్యాండ్ బ్లెండర్‌తో కొద్దికొద్దిసేపు ఆపుతూ తిప్పి, గరిటెతో గీసిన జాడ పైన నిలిచేదాకా వచ్చిన తర్వాత అచ్చులో పోయాలి. ఒకటి రెండు రోజుల తర్వాత ముక్కలు కోయవచ్చు. కోసే కత్తికి తుప్పు ఉండకూడదు, చేతులకు తొడుగులు ఉండాలి.

నూనె ముక్కిపోవడాన్ని ఆలస్యం చేయడానికి రోజ్‌మేరీ అనే మొక్క ఆకుల సారం వేయాలనుకునేవారు కిలో నూనెకు ఒక గ్రాము చొప్పున, నూనె కొన్న రోజే అందులో కలపాలి. సబ్బు చేసే రోజు కలిపితే అప్పటికి పుట్టిన పెరాక్సైడులను అది వెనక్కి తీసుకురాలేదు. రోజ్‌మేరీ సుగంధ తైలం వేరు, ఈ సారం వేరు, కొనేటప్పుడు పొరబడకూడదు. విటమిన్ ఇ గుళికలు పిండడం నూనె సీసాలో కొంత ఉపయోగపడవచ్చు గాని, సబ్బులో మచ్చలను ఆపడానికి దాని మీద ఆధారపడవద్దు.

కోసిన సబ్బులు నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాలి. ఇనుప జాలీ మీద ఆరబెడితే తగిలిన గీత వెంబడి మచ్చలు వస్తాయి. వెదురు చేటలో ఉతికిన నూలు గుడ్డ పరిచి, సబ్బుకూ సబ్బుకూ మధ్య వేలు పట్టేంత చోటు వదిలి, వారానికి ఒకసారి తిప్పుతూ, గాలి ఆడే నీడ గదిలో ఉంచాలి. వంటగదిలో వద్దు, తాలింపు ఆవిరి, నూనె తుంపర సబ్బుల మీద పడతాయి. కాలం ఎంచుకునే వీలుంటే జనవరి, ఫిబ్రవరి నెలలు తిరుపతిలో సబ్బు చేయడానికి అన్నిటికన్నా మంచివి: ఎండలు ముదిరేలోపు ఆరిపోతాయి, వానలు వచ్చేలోపు వాడేసుకోవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ కనుక, సబ్బులో సహజంగా ఉండే గ్లిజరిన్ ఆ తేమను లాగి పైన చెమట చుక్కలుగా నిలుపుతుంది; ఆ నెలల్లో నేను సబ్బు చేయను. పూర్తిగా ఆరిన సబ్బులను అక్షరాలు ముద్రించని తెల్ల కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, చల్లని చీకటి చోట ఉంచుతాను. ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టడం మంచిది కాదు.

ఇంట్లో చేసే తలనూనెల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ముక్కిపోయిన నూనెతో ఎక్కువమందికి పరిచయం అక్కడే. గుంటగలగరాకు, కరివేపాకు, మందార ఆకు కడిగి, తడి ఆరకుండానే రుబ్బి కొబ్బరి నూనెలో వేసి, నాలుగు పొంగులు రాగానే దించేస్తారు. ఆకులో మిగిలిన నీరు సీసా అడుగున చేరి, నెల తిరగకముందే పులిసిన వాసన పుట్టిస్తుంది. ఆకును నీడలో గలగలలాడేదాకా ఎండబెట్టి వేయాలి. పచ్చి ఆకే వేయాలనుకుంటే సన్న మంట మీద చిటపట శబ్దం పూర్తిగా ఆగి, బుడగలు రావడం మానేదాకా కాచి, వేడి తగ్గాక పొడి గుడ్డలో వడకట్టాలి. వడకట్టిన నూనె మరునాడు కూడా మబ్బుగా ఉంటే తేమ ఇంకా ఉందని అర్థం, మళ్లీ కాయాలి. ఇలాంటి నూనెను సబ్బులో వేసేవారు, అది కాచిన వేడిలో కొంత ఆయువు పోగొట్టుకున్న నూనె అని గుర్తుంచుకుని, రెండు మూడు వారాలలోపే వాడుకోవాలి.

సబ్బు మీద కనిపించే ప్రతి మచ్చా ముక్కిపోయిన గుర్తు కాదు. పైన తెల్లని బూడిద లాంటి పొర ఉంటే అది కాస్టిక్ సోడా గాలితో కలిసి ఏర్పడిన సోడా పొర, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. వెనిలా వాసన వేసిన సబ్బు అంతా సమానంగా గోధుమరంగుకు మారడం సహజం. పసుపు వేసిన సబ్బు ఎర్రబడుతుంది. నారింజ లేదా తేనెరంగు చుక్క వచ్చి, దాని చుట్టూ వేలితో నొక్కితే కొంచెం జిగటగా తగిలి, గోటితో గీకి చూస్తే ముక్కిన వాసన వస్తే మాత్రం అది ముక్కిపోయిన మచ్చే. ఒక సబ్బు నుంచి ఇంకొక సబ్బుకు ఇది రోగంలా అంటుకోదు. ఒకే గాన సబ్బులన్నిటిలో నూనె, నీళ్లు ఒకటే కనుక వరుసగా బయటపడతాయి. అయినా మచ్చ పడినదానిని వేరుచేయాలి, వాసన మాత్రం పక్కవాటికి పడుతుంది.

ఒకటి రెండు చుక్కలే ఉంటే ఆ భాగాన్ని కోసి తీసేసి మిగిలినది ముందుగా వాడేసుకోవచ్చు. వాసన సబ్బంతా వ్యాపిస్తే ఒంటికి వాడవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు. సున్నితమైన చర్మానికి మంట పుట్టించవచ్చు. దానిని తురిమి కరిగించి మళ్లీ అచ్చు పోస్తే బాగవుతుందని నేను రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ పదిహేను రోజులలో మచ్చలు తిరిగి వచ్చాయి. ఇప్పుడు అలాంటి సబ్బును గుమ్మం ముందరి పట్టలు, నేల తుడిచే గుడ్డలు ఉతకడానికి వాడుతున్నాను. ప్రతి గాన నుంచి ఒక సబ్బును పక్కన పెట్టి, దాని కాగితం మీద నూనెలు కొన్న తేదీలు, నీళ్లు ఎక్కడివి, సబ్బు చేసిన తేదీ రాసి, ఏడాది తర్వాత విప్పి చూస్తాను. ఆ పంతొమ్మిది సబ్బులలో ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది, దాని కాగితం మీద నీళ్ల పక్కన బోరు అని రాసి ఉంది.